నరసింహంగారి తూటా

మొన్న పక్కింటాయన తన గరాజ్‌లో లేత్ మీద ఇనుప కడ్డీ తరుగుతుంటే, వేడెక్కిన నూనె వాసన మా వంటింట్లోకి వచ్చింది. ఆ వాసన తగిలితే నాకు నరసింహంగారు గుర్తొస్తారు. ఆయన దగ్గర ఉన్న రోజుల్లో నేను పడ్డ అసూయ కూడా గుర్తొస్తుంది.

ఎనభయ్యో దశకం మొదట్లో డాలస్ దగ్గర ఒక పనిముట్ల కంపెనీలో ఆయన టూల్‌రూమ్ సూపర్‌వైజర్. నేను ఆయన కింద డ్రాయింగులు గీసేదాన్ని. వెయ్యి గజాల దూరంలోని కాగితపు గురిని రైఫిల్‌తో కొట్టే పోటీలంటే ఆయనకు ప్రాణం. షాపులో దొరికే తూటా ఆ దూరానికి ఆయనకు నచ్చలేదు. దాని మందు నింపే ఇత్తడి గొట్టానికే భుజం కాస్త నిటారుగా లేపి, గుండు కూర్చునే మెడ సన్నం చేసి, ఏ ఫ్యాక్టరీలోనూ లేని తూటా ఒకటి తయారుచేసుకోవాలనుకున్నారు. అలాంటి సొంత తూటాలను అక్కడ వైల్డ్‌క్యాట్ అంటారు. మొదటి ఏడాదంతా అది మా ఇద్దరి తూటా. లంచ్ టైములో నా బల్ల దగ్గరకొచ్చి, ఖాళీ గొట్టం నా అరచేతిలో పెట్టి, "గీసే ముందు చేత్తో పట్టుకుని చూడమ్మా, వసంతా" అనేవారు. నా మేష్టార్లెవరూ ఆ మాట చెప్పలేదు.

తరువాత ప్రసాద్ వచ్చాడు. కొత్తగా ఎం.ఎస్. పూర్తిచేసినవాడు, నవ్వుమొహం, తెలియనిది తెలియదని ఇట్టే ఒప్పుకునేవాడు. నెల తిరక్కుండానే నరసింహంగారు అతన్ని శనివారాలు తుపాకి కాల్చే రేంజ్‌కి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. రైఫిల్ బారెల్‌లో తూటా కూర్చునే గదిని తొలిచే రీమర్ డ్రాయింగ్ కూడా అతని చేతికే ఇచ్చారు. నాకు తిండి సయించలేదు.

ఆ డ్రాయింగ్ ఒకసారి చూసిపెట్టమని ప్రసాదే నా దగ్గరకు తెచ్చాడు. తప్పు వెంటనే కనిపించింది. అతను మెడను ఖాళీ గొట్టం మీద కొలిచాడు. గుండు బిగించాక మెడ కాస్త లావవుతుంది. పేలినప్పుడు అది విచ్చుకోవడానికి చోటు లేకపోతే గుండు సులువుగా వదలదు, ఒత్తిడి పెరిగి రైఫిల్ కాల్చేవాడి మొహం మీదే చిట్లవచ్చు. అన్నీ తెలిసి, "బాగానే ఉంది" అన్నాను.

మూడు వారాలకు రీమర్ వచ్చింది, బారెల్ తయారైంది. నరసింహంగారు నన్నూ రేంజ్‌కి పిలిచారు. "ఫస్ట్ షాట్ ప్రసాద్‌ది" అన్నారు. అతను చాప మీద బోర్లా పడుకుని తూటా లోపలికి తోశాడు. తూటా వెనక గదిని మూసే బోల్ట్ కాస్త బిగువుగా కదిలింది. నా నోరు అప్పుడు పెగిలింది.

"ఆగు! మెడ టైట్‌గా ఉంది. కాల్చొద్దు!"

నరసింహంగారు తూటా బయటికి తీయించి మైక్రోమీటర్ పెట్టి చూశారు. "ఎప్పుడు చూశావమ్మా?"

"డ్రాయింగ్ చూసిన రోజే, సార్."

ప్రసాద్ లేచి దుమ్ము దులుపుకున్నాడు. "నాకొక్క మాట చెప్పాల్సింది కదండీ, వసంతగారూ" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నరసింహంగారూ నేనే ఉన్నాం, ఉండబట్టలేక అడిగేశాను. "నాకన్నా అతనెందుకు ఎక్కువయ్యాడు సార్?"

"వాడు వచ్చి అడుగుతాడమ్మా. నువ్వేమీ అడగవు. నీకన్నీ వచ్చనుకున్నాను" అన్నారు. తిట్టివుంటే తేలికపడేదాన్ని.

సోమవారం డ్రాయింగ్ నా బల్ల మీద పెట్టారు. "ఇద్దరూ కూర్చుని దిద్దండి. కింద రెండు పేర్లూ రాయండి." ప్రసాద్ పక్కన కూర్చుని ప్రతి కొలతా రెండుసార్లు చూశాను. ఆ ఏడాది చివర్లో కొత్త తూటాతో ప్రసాద్ వెయ్యి గజాల దగ్గర అయిదు గుండ్లూ అన్నం పళ్లెమంత చోటులో కొట్టాడు. నేనూ ప్రయత్నించాను. నావి కాగితానికి కూడా తగల్లేదు. నరసింహంగారు అతన్ని కావలించుకుంటుంటే చప్పట్లు కొట్టాను. లోపల మాత్రం మండిపోయాను.

ఆయన పోయాక రైఫిల్ ప్రసాద్‌కి వెళ్లిందని విన్నప్పుడు కూడా అదే మంట. అది చల్లారాక మంచిదాన్నవుదామని ఎదురుచూడడం ఎప్పుడో మానేశాను. రిటైరయ్యేదాకా నాకు ఎవరిని చూస్తే కన్నుకుట్టేదో, వాళ్ల డ్రాయింగే ముందు తీసి చూసేదాన్ని. తప్పు కనిపిస్తే ఆ పూటే లేచి వెళ్లి చెప్పేదాన్ని.