పక్కకు ఒరిగిన చేప

లాండ్రీ దుకాణంలో ఇస్త్రీ బల్లకు వెనుక, కిటికీ వెలుతురు నేరుగా పడేచోట, ఒక పొట్టి స్టూలు ఉండేది. ఇరవై రెండేళ్లుగా ఆ స్టూలు మీదనే కూర్చుని ఆమె చిరిగిన బట్టలకు రఫూ చేసేది. రఫూ అంటే అతుకు వేయడం కాదు. అతుకు కంటికి ఆనితే అది రఫూయే కాదు. ఆ బట్ట మడతల్లోంచే దారాలు లాగి, వాటితోనే చిరిగినచోట నేతను మళ్లీ నేయాలి. వీధంతా ఆమెను రఫూ అక్క అనే పిలిచేది. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాడైన లాండ్రీ యజమానికీ ఆమె అక్కే. మన భాషలో వరస ఒకసారి నోటికి అలవాటైతే వయసుకు అక్కడ పనిలేదు.

ఆ పిలుపు మీద అసలైన హక్కు ఉన్నవాడు మాత్రం ఒక్కడే. తమ్ముడు. దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఇద్దరిదీ పెళ్లి ఊసు లేని జీవితం. మూడో అంతస్తులో రెండు గదులు. అక్షరం దగ్గర అతడికి పట్టింపు జాస్తి. యజమాని తప్పు రాసిచ్చినా సరే, వత్తు పడవలసినచోట వత్తు వేసేదాకా నిచ్చెన దిగేవాడు కాదు. ఒకనాడు అలంకార చేపల దుకాణానికి బోర్డు రాయడానికి వెళ్లి, సాయంత్రానికి గాజుతొట్టితో, నీళ్ల సంచిలో ఒక చేపతో ఇల్లు చేరాడు.

"ఇదేంట్రా?"

"అడుగు చేప అక్కా. ఎవరి జోలికీ పోదు. తొట్టి అడుగున దాని మానాన అది ఉంటుంది."

"అడుగు చేపా? ఏమడగాలి దాన్ని?"

"నువ్వేమీ అడక్కు తల్లీ. తొట్టి జోలికి రాకు, అదే పదివేలు."

అడుగు అన్న మాట ఎంత బరువు మోస్తుందో మనం గమనించం. కుండకు అడుగు ఉంటుంది. పసివాడు అడుగు వేస్తాడు. బట్టల దుకాణంలో అడుగుకు పన్నెండు అంగుళాలు. తెలియనప్పుడు ఎవరినైనా అడుగు అంటాం. నామవాచకంగా మూడు బరువులు, క్రియగా ఒకటి. ఈ నాలుగింటిలో మనుషులు తరచుగా ఎగ్గొట్టేది ఆ చివరిదాన్నే.

చేప చూడముచ్చటగా ఉండేది. అరచేయంత పొడుగు, నారింజ రంగు ఒంటి మీద మూడు నల్లని పట్టీలు, మూతి కింద మీసాలు. పగలంతా పగిలిన మట్టికూజాలో దాగి, మేత వేళకు మాత్రం బయటికి వచ్చి, గులకరాళ్ల మధ్య మూతి పెట్టి వెతుకుతూ టిక్కుటిక్కుమని చప్పుడు చేసేది.

"పొద్దస్తమానం కనపడడు. భోజనం వేళకు మీసాలు దువ్వుకుంటూ దిగుతాడు. చేప కాదురా ఇది, అల్లుడు" అంది ఆమె.

"మనింట్లో కూతురే లేదు కదక్కా."

"అందుకేగా నోరెత్తని అల్లుడు దొరికాడు!"

ఆ పేరే ఖాయమైంది. ఆరేళ్లు అల్లుడిగారి సేవ తమ్ముడే చేశాడు. ఆమె దూరం నుంచే వేళాకోళమాడేది.

ఏడో ఏడు తమ్ముడికి ఊపిరి ఆడటం కష్టమైంది. రంగుల వాసన వల్లో, మరెందువల్లో వైద్యులు తేల్చలేదు. పెద్దాసుపత్రికి బయలుదేరిన రోజున మూడంతస్తులు దిగడానికి మూడుసార్లు మెట్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నప్పుడల్లా ఒక మాట చెప్పాడు.

"పూటకు నాలుగు మేత గుళికలు... ఆదివారం రెండు బకెట్ల నీళ్లు తీసి, రెండు బకెట్లు పొయ్యి... నేనొచ్చేసరికి వాడుండాలి అక్కా."

"అల్లుణ్ణి నాకు అప్పగింతలు పెడుతున్నావా? ఉంటాడ్లేరా. నేనుండగా వాడికేం?"

ఆదివారం పొద్దున, చలిలో, ఆమె పాత నీళ్లు తీసేసి, కుళాయి నీళ్లు రెండు బకెట్లు పట్టి తొట్టిలో పోసింది. కూజా పాకుడు పట్టి ఉంది. దాన్ని పైకెత్తి చూస్తే, వెనుక చేప పక్కకు ఒరిగి పడి ఉంది. నారింజ రంగు వెలిసిపోయింది. పట్టీలు బూడిద రంగుకు తిరిగాయి. అద్దం మీద తట్టింది. కదల్లేదు. మొప్పలు ఆడుతున్నాయేమో చూడాలన్న సంగతి ఆమెకు తెలియదు. గంటసేపు కూర్చుని, చివరికి చిల్లుల గరిటెతో పైకి తీసింది. గరిటె మీద ఏదో అదిరినట్టయింది. తన చెయ్యే వణికిందనుకుంది. మెత్తని గుడ్డముక్కలో చుట్టి, మెట్ల కింద ఉన్న పూలకుండీలో పూడ్చింది.

మర్నాడు వార్డులో ఆమె నోరు తెరవబోతుండగా తమ్ముడే ముందు అందుకున్నాడు.

"అక్కా, నీకో సంగతి చెప్పడం మరిచిపోయాను. అల్లుడు పడుకున్నాడంటే పక్కకు ఒరిగిపోతాడు. అచ్చం చచ్చినట్టే ఉంటాడు. మొదటిసారి చూసి నేనే గుండె జారిపోయి దుకాణానికి పరిగెత్తాను. వాళ్లు ఒకటే నవ్వు. నువ్వు హడలిపోతావేమోనని రాత్రంతా నాకదే ధ్యాస."

ఆమె పక్కనున్న గ్లాసు తీసి, ఖాళీగా ఉందని చూసి, మళ్లీ పెట్టింది.

"పడుకున్నాడా అలా?" అడిగాడు తమ్ముడు.

"పడుకున్నాడు" అంది.

"భయపడ్డావా?"

"కొంచెం."

అతడు దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు మీద ఆమె నిజం చెప్పలేకపోయింది. నవ్వు తర్వాత చెప్పడం మరీ కష్టమైంది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం అదే ప్రశ్న: "ఏం చేస్తున్నాడు?" రోజుకొక జవాబు. గుళిక కోసం గులకరాళ్లన్నీ తిరగేశాడని ఒకనాడు, కూజాలోంచి మీసాలొక్కటే బయటపెట్టి చూశాడని మరొకనాడు. దుకాణంలో సూది ఆడుతున్నంతసేపూ ఆనాటి సంగతి అల్లుకునేది. అబద్ధంలో కూడా ఆమె నేత తెలియనిచ్చేది కాదు. "మీరొస్తేనే ఈయన నాలుగు మెతుకులు తింటున్నారు" అంది నర్సు.

పదో రోజున పెద్ద డాక్టరు వచ్చే గురువారం ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఎందుకు పంపుతున్నాడో చెప్పకుండానే ఆమెకు అర్థమైంది. అర్థం కాని తమ్ముడు సంబరపడిపోయాడు. "గురువారం వాణ్ణి చూస్తాను" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె చేపల దుకాణానికి వెళ్లింది. అదే జాతివి ఏడు ఉన్నాయి. "ఏదైతేనేం అక్కా, అన్నీ ఒక్కలాంటివే" అన్నాడు యజమాని. కాదు. తమ్ముడి చేపకు నడిమి పట్టీ పొట్ట దగ్గర తెగి ఉంటుంది. దారంలో రవ్వంత రంగు తేడాను పట్టే కన్ను ఆమెది. అక్షరంలో వెంట్రుకవాసి వంకరను పట్టే కన్ను అతడిది. ఏ కన్నునని మోసం చేయగలదు? ఉత్త చేతులతో తిరిగి వచ్చింది.

ఆదివారం చెప్పేసింది. గరిటె సంగతి, అదురు సంగతి, రోజూ తాను అల్లిన సంగతులు, అన్నీ.

 ఏదో పని గురించి వాకబు చేస్తున్నట్టుగా అడిగాడు తమ్ముడు.

"నీళ్లు వేడి చేశావా?"

"చెయ్యాలా?"

"రెండు బకెట్లూ ఒక్కసారే పోశావా?"

"ఒక్కసారే."

"అయితే చలికి కొయ్యబారిపోయి ఉంటాడు. అప్పటికే అయిపోయిందిలే అక్కా. నిద్ర కాదది."

"నిజంగానా?"

"నిజంగానే. నీళ్ల సంగతి చెప్పకపోవడం నా తప్పు."

అది నిజమో, తన కోసం అప్పటికప్పుడు వేసిన రఫూయో ఆమె పోల్చుకోలేకపోయింది. ఏళ్ల తరబడి పనితనం ఉన్నవాళ్లకు కూడా అంత పొందికగా కుదరదు.

అతడు కోపగించలేదు. మర్నాడు సాయంత్రం ఆమె వెళ్లేసరికి దిండుకు చేరగిలబడి ఉన్నాడు. బస్సులో చోటు దొరికిందా అన్నాడు. పక్క మంచం ఆయన ఇంటికెళ్లాడని చెప్పాడు. ఆపైన, అలవాటుగా ఆ ప్రశ్న రావలసినచోట, నోరు కొద్దిగా తెరిచి మళ్లీ మూసుకున్నాడు. ఇద్దరూ ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నారు. మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. రోగులను చూడవచ్చినవాళ్లకు గంటన్నర వ్యవధి ఉండేది. మొన్నటిదాకా నర్సు వచ్చి బయటికి తరిమితే తప్ప కదలని మనిషి, ఆ మూడు రోజులూ గంట మోగకముందే సంచి సర్దుకుని లేచింది. "జాగ్రత్తగా వెళ్లక్కా" అనేవాడు అతడు, వెంటనే.

గురువారం ఉదయం తొట్టిలోని నీళ్లను వేలితో తాకి చూస్తుండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చిందని కింది అంతస్తు నుంచి పిలుపు వచ్చింది.