పెన్సిలుతో రాసిన ఓకే

1979 జూన్‌లో నన్ను వరంగల్‌లో ఒక చిన్ననీటి పారుదల సబ్‌డివిజన్‌కు సూపర్‌వైజరుగా వేశారు. తొర్రూరు వైపు చెరువులు నా వంతు. కట్టలు చూసి మరమ్మతులకు అంచనాలు రాయడం నా పని. మంజూరు చేయడం డిప్యూటీ ఇంజనీరుగారి పని. ఆయన తన పనిని పెన్సిలుతో చేసేవారు.

జూలై చివర్లో మల్లయ్య ఆఫీసుకొచ్చాడు. అతను నీరటి, అంటే చెరువు తూము ఎత్తి దించి ఊరికి నీళ్లు పంచే మనిషి. "సారూ, తూము పక్కపొంటి ఎర్రనీళ్లు ఊరుతానయ్. జర జల్ది రాండ్రి" అన్నాడు. తేటనీరు ఊరితే పెద్ద భయం లేదు. మన్ను కలిసి వచ్చిందంటే కట్ట లోపల డొల్ల పడుతున్నట్టు. వెళ్లి చూసి, మర్నాడే అంచనాతో ఫైలు పెట్టాను. మార్జిన్‌లో పెన్సిలుతో "ఓకే" అని వచ్చింది. సంతకం లేదు. ఆర్డరేదని మూడుసార్లు అడిగాను. "ఓకే అన్నాను గదయ్యా!" అన్నారు. ఆయన ఓకేకు 'చూశాను', 'సరే', 'తర్వాత చూద్దాం', 'ఇక నడువు' అని నాలుగు అర్థాలు. ఐదోది మంజూరట, దాన్ని చూసినవాళ్లు మా ఆఫీసులో లేరు.

ఆగస్టులో కట్ట తెగింది. నాటిన వరి మీద ఇసుక మేట వేసింది. మల్లయ్య రెండెకరాలూ అందులోనే.

విచారణకు పై అధికారి వచ్చారు. తనకెవరూ చెప్పలేదన్నారు డిప్యూటీగారు. ఫైలు తెరిస్తే ఓకే లేదు, రబ్బరుతో రుద్దిన మరక ఉంది. కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి, పెన్సిలు దిగిన గాడి చూపించాను. పెన్సిలు రాత నోటింగు కిందికి రాదన్నారు పై అధికారి. నిబంధన ప్రకారం నిజమే. నాకు ఒళ్లు మండింది అందుకే. జూలై తేదీతో నా అంచనా ఆ ఫైల్లోనే ఉన్నా, నీరటి సకాలంలో కబురు చేయలేదని తేల్చి, మల్లయ్యను తీసేశారు.

"గా ఓకే అంటె ఏంది సారూ? ఏడికెల్లి వచ్చింది?" అని అడిగాడు మల్లయ్య. హనుమకొండలో ఇంగ్లీషు చెప్పే మిత్రుణ్ణి కనుక్కుని చెప్పాను. అమెరికాలో పత్రికలవాళ్లు 'ఆల్ కరెక్ట్', అంటే 'అంతా సరిగ్గా ఉంది' అనే మాటను కావాలనే 'ఓల్ కొరెక్ట్' అని తప్పు స్పెల్లింగుతో రాసి, ఆ రెండు మాటల మొదటి అక్షరాలు ఓ, కే మిగిల్చారట, వేళాకోళానికి.

"పరాచికమా! మరి నా నౌకరి నిజంగనే పాయె గద సారూ" అన్నాడు.

నేర్చుకున్నది ఒకటే. అధికారి ఇంకుపెన్ను మూత తీసి సంతకం పెట్టేదాకా బల్ల ముందు నుంచి కదలకూడదు. రిటైరయ్యేదాకా కదల్లేదు. నా రహస్య నివేదికలో "మొండివాడు" అని రాశారు.

అది మాత్రం ఇంకుతోనే.