మోట పాట ఆగిన రోజు

పానగల్ దగ్గర మా ఊళ్లో అప్పటికి కరెంటు రాలేదు. ఆ పొద్దు మా ఆయన పాట పాడుతూ, ఎద్దులతో బావి నీళ్లు తోడే మోట కొడుతుంటే నేను మడికి నీళ్లు మళ్లిస్తున్నాను. పాట సగంలో ఆగింది. బీడి ముట్టించడానికేమో అనుకుని తలెత్తితే, మోట తాడు మీద కూర్చునే నిద్రపోతున్నాడు! వాలు దిగిన ఎద్దులు అలవాటుగా వెనక్కి నడుస్తున్నాయి. గట్టున ఆపేవాడు లేకపోతే వెనక బావే. ఉరికి పగ్గం పట్టుకున్నాను.

"నేనెక్కడ పండుకున్న?" అని నామీదే గద్దించాడు.

"నీరసం బిడ్డా, జర నెయ్యి ఎక్కువెయ్యి" అంది మా అత్త. వేశాను. బలానికని కల్లు రెండు ముంతలైంది. మెడ లావెక్కింది, గురక పెరిగింది. గురక పెట్టేవాడిది హాయి నిద్ర అని అత్త మురిసేది. ఆ గురక మధ్యలో ఊపిరి ఆగేదని నాకొక్కదానికే తెలుసు. ఇరవై లెక్కపెట్టేదాకా ఊపిరి వచ్చేది కాదు. చెబితే నవ్వారు.

నల్లగొండ దవాఖానలో టానిక్ రాశారు. దాంతో ఆకలి పెరిగింది, అంతే. రెండోసారి పోయినప్పుడు వేరే డాక్టర్ ఉన్నాడు.

"నిద్ర ఎట్లుంటది?"

"మస్తుగ పడ్తది సారూ" అన్నాడీయన. చీటీ కోసం కూర్చున్న బల్ల మీదే గురక మొదలుపెట్టాడు. సిగ్గు విడిచి డాక్టర్‌ను పిలుచుకొచ్చాను. ఆయన గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఊపిరి ఆగింది. డాక్టర్ నవ్వలేదు.

"అమ్మా, నిద్రల గొంతు మూసుకపోతాంది. గందుకే పగలు తూగుతుండు. టాన్సిల్స్ బాగ పెద్దగున్నయి, బీపీ గూడ ఉన్నది. ఆపరేషన్ చెయ్యాలె, ఒళ్లు తగ్గాలె, కల్లు బంద్."

ఆపరేషన్ అంటే బెదరని మనిషి, కల్లు బంద్ అనేసరికి మొహం వేలాడేశాడు.

హైదరాబాద్‌లో టాన్సిల్స్ తీశారు. కొన్నాళ్లు బాగున్నాడు. బోనాల పండుగకు మళ్లీ తాగి, మర్నాడు మోట మీద తూగాడు. ఈసారి కళ్లు తెరిచేసరికి ఎద్దులు బావి గట్టున ఉన్నాయి. ముంత మళ్లీ ముట్టలేదు. ఏడాదికి ఒళ్లు దిగింది, పగటి తూగు పోయింది.

ఇప్పుడు దాన్ని స్లీప్ ఆప్నియా అంటున్నారు, పరీక్షకు మిషన్లున్నాయట. అప్పుడు మిషన్ నేనే. నేను చెప్పేది ఒక్కటే: నిద్రపోయేవాడికి తన జబ్బు తెలియదు. దవాఖానకు పక్కన పడుకునేవాళ్లు కూడా పోవాలి, విన్నది చెప్పాలి.

బావికి మోటారు వచ్చి చాలా ఏళ్లైంది. అయినా ఈయన అరుగు మీద కూర్చుని ఆ పాటే పాడతాడు. మధ్యలో ఆగితే వంటింట్లో నా చెయ్యి ఆగుతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"బతికే ఉన్ననే, బీడి ముట్టిస్తున్న" అని కేకేస్తాడు.