మూడో మనిషి అడిగేదాకా

పాతబస్తీలో కొత్త అత్తరు తయారవుతోందని కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో పనిచేసే మా తమ్ముడు కార్డు రాయగానే నాకు కాలు నిలవలేదు. గులాబీ, పచోలి ఆకు కలిపి ఊరి వాసననే సీసాలో పట్టారట. వారపత్రికకు కొత్త సరుకుల మీద రాసేవాడిని, విని ఊరుకుంటానా! ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకు కాజీపేటలో ప్యాసింజరెక్కాను.

నాంపల్లిలో దిగేసరికి పదిన్నర. డబుల్ డెక్కర్ బస్సులో చార్మినార్ చేరి, నలుగురినీ అడిగి మొఘల్‌పురాలో కరీం భాయ్ దుకాణం పట్టుకున్నాను. ముందు గది దుకాణం, తెర వెనక ఇల్లు.

వాసన చూసి రాసుకుపోతానంటే ఆయన నవ్వాడు. సీసా మూతి దగ్గర అత్తరు అబద్ధమాడుతుందట. చిన్న దూది ఉండను ముంచి నా చెవి మడతలో పెట్టాడు. అలాగే నాలుగింటిదాకా తిరిగి రావాలి. సంగతి తెలియని ముగ్గురు తమంతట తాము అదేం అత్తరని అడగాలి. అప్పుడే దానికి పేరు, అప్పుడే అమ్మకం. తండ్రి నాటి నుంచి వాళ్లింటి పద్ధతి అది.

ముగ్గురూ అడగకపోతే ఏం చేస్తారన్నాను.

"అగరుబత్తీల పిండిల కలిపేస్త సాబ్. ఏడాది మెహనత్, గంతే."

మొదట గులాబీ ఒక్కటే తెలిసింది, పూలదండల బండి పక్కన నడుస్తున్నట్టు. అరగంటకు పచోలి లేచింది. తడిమట్టి, పాత చెక్కపెట్టె, కాస్త చేదు. అబ్బ, ఎంత బాగుందో! లాడ్‌బజార్‌లో గాజుల సేటు మా ఆవిడ చేతి కొలత అడగడం ఆపి, "ఏం అత్తర్ అన్నా గిది, మస్తుగున్నది," అన్నాడు. ఒకటి! కిషన్‌బాగ్ బస్సులో కండక్టరు టికెట్టు చింపబోయి ఆగి అడిగాడు. రెండు!

ఆ తర్వాత రెండు గంటలు తిరిగినా ఒక్కరూ అడగలేదు. మూడింటికి ఇరానీ హోటల్లో చాయ్, బిస్కెట్లు తీసుకుని పేపరు చదువుతున్న ఒకాయన ఎదురుగా కూర్చున్నాను. నోట్లో నువ్వుగింజ నానని మనిషిని. ఫ్యాను గాలికి కుర్చీ జరుపుకుని, చెవి ఆయన వైపు తిప్పి, ఏమైనా వాసన వస్తోందా అని అడిగేశాను. బాగుందనీ, ఏం అత్తరనీ అడిగాడు పాపం. ఎగురుకుంటూ దుకాణానికి వచ్చి ముగ్గురూ అయ్యారన్నాను.

ఎవరు, ఎట్లా అడిగారని భాయ్ ఒక్కొక్కరి సంగతీ చెప్పించుకున్నాడు. మూడో దాని దగ్గర దొరికిపోయాను.

"గది మీరు అడిగించిన్రు సాబ్. లెక్కకు రాదు."

సీసాకు బిరడా బిగించి అగరుబత్తీల పిండి పళ్లెం పక్కన పెట్టాడు. నా నోటిని తిట్టుకున్నాను. ఏడాది కష్టం ముందు ఒక కప్పు చాయ్ తాగినంతసేపు ఓపిక పట్టలేకపోయాను కదా అని సిగ్గేసింది. సెలవు తీసుకోబోతూ తెర పక్కగా చెప్పుల కోసం వంగాను.

తెర వెనక నుంచి ఆయన భార్య గొంతు ఉర్దూలో వినిపించింది. ఎవరొచ్చారు, అదేం అత్తరు, వాన పడ్డనాటి మన గల్లీలా ఉందే అంటోంది.

భాయ్ తెర వైపు తిరిగాడు.

"ముప్పై ఏండ్లు అత్తర్ల నడుమనే కాపురం. ఒక్క అత్తర్ సంగతి గూడ అడగలే ఆమె," అన్నాడు మెల్లగా. చెయ్యి చాచి పళ్లెం పక్క నుంచి సీసా తీసుకున్నాడు. పేరు షహర్, అంటే ఊరు, అన్నాడు. సీసాకు అంటించే తెలుగు చీటీ నా చేతనే రాయించాడు.

కొనదలచినవారు సీసా మూతి దగ్గర తీర్పు చెప్పకండి, అరగంట ఒంటి మీద ఉంచండి. ఆరింటి బండెక్కాను. చెవిలో దూది అలాగే ఉంది. గులాబీ సన్నబడి మట్టి వాసనే మిగిలింది, ఊరంతా నాతో వస్తున్నట్టే ఉంది. భువనగిరి దాటాక పక్క సీటు పెద్దమనిషి నిద్రలోంచి లేచి, "ఏం అత్తర్ బాపు గిది?" అన్నాడు.

షహర్ అని చెప్పాను. ఈసారి నేను చెవి తిప్పలేదు.