రెండు తల్లుల పట్టిక

పదకొండేళ్లుగా ఒక బొమ్మను నాదని చెప్పుకుంటున్నాను. మోసీ మోసీ అలసిపోయాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మార్కాపురంలో ఎంసీఏ చదివే రోజులు. డేటాబేస్ డిజైన్ పేపరుకు ఒక ప్రాజెక్టు ఉండేది. ఏదో ఒక పనిని తీసుకుని, దాని వివరాలు ఏయే పట్టికల్లో పెట్టాలో, వాటి మధ్య సంబంధాలేమిటో బొమ్మ గీసి ఇవ్వాలి. క్లాసంతా లైబ్రరీ, ఆసుపత్రి అంటూ సీనియర్ల రికార్డులు తిరగేస్తుంటే, నా బెంచీలో కూర్చునే నాగలక్ష్మి మాత్రం వాళ్ల గొర్రెల మందను తీసుకుంది. నేను నవ్వాను. గొర్రెలకు వరుసగా నంబర్లు వేస్తే సరిపోయేదానికి ఇంత ఆలోచనా అన్నాను. వచ్చి చూడమని ఒక ఆదివారం అర్ధవీడు దగ్గరున్న వాళ్ల పల్లెకు తీసుకుపోయింది.

వాళ్ల నాయన మందను మేతకు తోలబోతున్నాడు. వందకు పైగా గొర్రెలు. నా కంటికి అన్నీ ఒకటే. ఆయనకు మాత్రం ప్రతిదాని తల్లీ, ఆ తల్లికి తల్లీ తెలుసు. నేనొక పిల్లను చూపించాను.

"దీని తల్లి ఏది చిన్నాయనా?"

"ఏ తల్లి పాపా? కన్నదా, పాలిచ్చేదా?"

"రెండుంటాయా?"

"కన్నది ఈనినాక చచ్చిపోయింది. అదో, ఆ చెవి తెగిందాని పిల్ల గూడా అప్పుడే పోయింది. దాని పాలే దీని ఒంటికి పూసి అలవాటు చేసినా. ఇప్పుడు దాన్ని అమ్మినామనుకో, ఇదేం తాగుతాది? రెండూ గుర్తు పెట్టుకోవాల."

కాగితం లేదు, కలం లేదు. అంత మందనూ, దాని పుట్టుకలనూ చావులనూ తలలో పెట్టుకుని ఆ మనిషి కర్ర పట్టుకుని నడిచిపోయాడు.

నాగలక్ష్మి నోట్సు తెరిచింది. గొర్రెలకు ఒకటే పట్టిక. అందులోంచి రెండు గీతలు బయలుదేరి మళ్లీ అదే పట్టికకు చేరాయి. ఒకటి కన్నతల్లికి, ఒకటి పాలతల్లికి. తల్లీ గొర్రే కదా, వేరే పట్టిక ఎందుకు? అంత చిన్న బొమ్మలో మంద మొత్తం ఇమిడింది. ఆ తర్వాత ఎన్నో డిజైన్లు చూశాను, అంత అందమైనది మళ్లీ చూడలేదు.

తప్పులుంటే చెప్పమని ఆ నోట్సు నాకిచ్చింది. నేను దించేశాను. ఆమె కంటే ఒకరోజు ముందే సారుకు ఇచ్చేశాను. అసూయా? బద్ధకమా? అంత గొప్పది నాదైతే బాగుండునన్న ఆశా? ఎన్నిసార్లు తవ్వుకున్నా, ప్రతిసారీ నా మీద నాకే జాలి పుట్టే జవాబొకటి దొరుకుతుంది, దాన్ని నేనే నమ్మను.

సారు ఇద్దరినీ పిలిచి ఎవరిదని అడిగాడు. నాదే అన్నాను. మా పెదనాన్నకు గొర్రెలున్నాయని కూడా చెప్పాను. మా వంశంలో కోడిని పెంచినవాళ్లు లేరు. నాగలక్ష్మి నావైపు చూసింది. ముందు ఇచ్చినది నేను కాబట్టి కాపీ ఆమెదైంది. ఆమె ఆ పేపరు తప్పింది. పేపరు తప్పినవాళ్లను ఉద్యోగాల ఇంటర్వ్యూలకు కూర్చోనివ్వలేదు. తర్వాతి సెమిస్టరుకు ఆమె రాలేదు. ఎక్కడుందో నేను వెతకలేదు. వెతకలేకపోయాను అని రాయబోయి దిద్దుకున్నాను.

ఇప్పుడు కాలేజీలో నేను పాఠం చెప్పేదీ అదే పేపరు. ఏటా బోర్డు మీద ఆ బొమ్మే గీస్తాను. ఏటా పిల్లల కళ్లు విప్పారుతాయి. మొన్న ఒకమ్మాయి, "ఇది మీకెలా తోచింది మేడమ్?" అని అడిగింది. ఆలోచిస్తే అదే తోస్తుందమ్మా అన్నాను. చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ నిలబడ్డాను.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సినది మిమ్మల్ని కాదు. కానీ ఒక్క మాట ఎక్కడో ఒకచోట నా చేతితో రాయాలి. నాకేమీ తోచలేదు. ఆ రెండు గీతలూ నాగలక్ష్మివి.