పక్కింటి ప్లాను, మా ఇంటి బేరం

ఇల్లు అమ్మకానికి పెట్టాక చూడటానికి వచ్చినవాళ్ళెవరూ ముందుగా మా ఇంటి గురించి అడగలేదు. గేటు దగ్గరే ఆగి, తలెత్తి పక్కింటి మేడ వంక చూసి, ఆ నీలం టార్పాలిన్ పట్టా ఏమిటని అడిగేవారు.

ఆ పట్టా కింద శ్లాబుకు కన్నాలున్నాయి. పక్కింటాయన ఒక్క అంతస్తుకు ప్లాను తెచ్చుకుని మూడు వేశారు. మునిసిపాలిటీవాళ్ళు వచ్చి ఆపమన్నారు. ఆయన ఆపలేదు. వాళ్ళు మళ్ళీ మిషన్లతో వచ్చి పై శ్లాబుకు కన్నాలు కొట్టి పోయారు. మా పాలకొల్లులో ఇదేమీ వింత కాదు. కన్నాలు కొట్టించుకున్నవాళ్ళు కొన్నాళ్ళు పట్టా కప్పి ఉంచి, తరవాత సిమెంటు పూసి కాపురం చేసుకుంటారు.

కన్నాలు ఆయన బాధ. నా బాధ వేరు. తన వైపు వదలాల్సిన ఖాళీ వదలకుండా ఆయన గోడను హద్దు మీదికే తెచ్చేశారు. ఆపైన సన్‌షేడ్లు, మేడమెట్లు ప్రహరీ దాటి రెండడుగుల మేర మా సందులోకి వచ్చేశాయి. అవి కట్టేటప్పుడు నేను ఊళ్ళో లేను. మా చెల్లెలికి ఆపరేషనైతే నరసాపురంలో ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి సందులో ఎండ లేదు. అడిగితే, "గాల్లోనే కదా చెల్లెమ్మా, నీ నేల మీద కాలు పెట్టానా?" అన్నారు.

మా ఆయన రైసుమిల్లులో పని చేసేవారు. స్థలం ఆయన నా పేరున కొన్నారు, ఇల్లు నేను లేసు అల్లి కట్టాను. ఆయన పోయాక ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. నరసాపురంలో మా చెల్లెలూ ఒక్కతే. చిన్నప్పుడు ఒకే దీపం దగ్గర కూర్చుని లేసు నేర్చుకున్నవాళ్ళం, ఇప్పుడు పొద్దస్తమానం ఫోనులో మాట్లాడుకుంటూ ఎవరింట్లో వాళ్ళం అల్లుకుంటున్నాం. ఈ ఏడు ఎండాకాలంలో దాని ఇంటిని ఆనుకున్న ఇల్లు అమ్మకానికొచ్చింది. ఆ ఇంటి యజమానురాలు పెద్దావిడ. ఆషాఢం రాకముందు అడ్వాన్సు ఇస్తే ఇల్లు నీదేనంది. ఆషాఢంలో ఆవిడ బేరం మాట ఎత్తదట, శ్రావణం వస్తే గృహప్రవేశానికి తొందరపడుతున్నవాళ్ళు వేరే ఉన్నారట. నా దగ్గర పాలకొల్లు ఇల్లు తప్ప మరేమీ లేదు. అది అమ్మితేనే ఇది కొనగలను.

కోనసీమ నుంచి బదిలీ మీద వచ్చిన దంపతులు, ఇద్దరూ టీచర్లు, ఇల్లు చూసి ఇష్టపడ్డారు. ఆవిడ వంటగది కిటికీ తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూసుకుంది. అలా చూసుకున్న ఇల్లు ఆడవాళ్ళు వదులుకోరు. ధర కూడా కుదిరింది. బ్యాంకు లోను రావడమే తరువాయి. బ్యాంకు తరఫున ఇంజినీరు వచ్చాడు. మా గదుల్లోకి వచ్చింది తక్కువ, సందులో నిలబడి పైకి చూసింది ఎక్కువ. పక్కవాళ్ళ కట్టడం మీ స్థలం మీదికి వచ్చి ఉండగా, దాని మీద మునిసిపాలిటీ తగువు నడుస్తుండగా లోను ఇవ్వడం కష్టమన్నాడు. అది తేల్చుకుని రమ్మని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే పక్కింటాయన వచ్చారు. చేతిలో కాగితం, జేబులో ఇంకు ప్యాడు. ఆయన ప్యాడు తేవడానికి కారణం ఉంది. మా స్థలం రిజిస్ట్రేషను రోజున సాక్షి ఆయనే. నేను వేలిముద్ర వేయడం కళ్ళారా చూసినవారు. యాభై దాటాక నేను మా వీధి పంతులమ్మగారి దగ్గర అక్షరాలు దిద్దుకున్న సంగతి ఆయనకు తెలియక కాదు, గుర్తుంచుకోవలసిన విషయంగా తోచి ఉండదు.

కాగితంలో ఏముందో ఆయనే దాపరికం లేకుండా చెప్పారు. ఆ వైపు రెండడుగులు ఇద్దరికీ ఉమ్మడి దారిగా వదులుతున్నాను, ఆయన కట్టడం మీద నాకు అభ్యంతరం లేదు అని నేను ఒప్పుకోవాలి. అప్పుడు ఆయన జరిమానా కట్టి ప్లాను సరిచేయించుకుంటారు. తగువు పోతుంది, బ్యాంకువాళ్ళు లోను ఇస్తారు, నా ఇల్లు అమ్ముడవుతుంది.

"వెళ్ళిపోయేదానివి, ఆ రెండడుగులూ మూటగట్టుకుపోతావా ఏంటి?" అన్నారు నవ్వుతూ.

కూర్చోమన్నాను. కాఫీ ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొదటినుంచి చివరిదాకా పైకి చదివాను. నేను మెల్లగా చదువుతాను, వత్తుల దగ్గర ఆగుతాను. ఆయన రెండుసార్లు లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. చదవడం అయ్యాక కాగితం మడిచి ప్యాడు మీద పెట్టాను.

"చెప్పిందే రాశారన్నయ్యగారు, మోసం లేదు. సంతకం పెట్టను."

"ఎందుకు పెట్టవు?"

"నా నేల కాబట్టి."

ఇంతకంటే పెద్ద కారణం ఉండాలని ఆయన ఎదురుచూశారు. నా దగ్గర లేదు.

మర్నాటినుంచి వీధి వీధంతా నాకు బుద్ధి చెప్పడం మొదలుపెట్టింది. బ్రోకరు వచ్చి, పట్టు విడుపు ఉండాలండి అన్నాడు. పక్కింటావిడ పలకరించడం మానేసింది. అందరికంటే ఎక్కువ బాధపెట్టింది మా చెల్లెలు.

"రెండడుగుల కోసం నన్ను వదిలేస్తావా అక్కా?" అంది ఫోనులో.

"నిన్ను వదల్లేదే. పక్కింటాయన్ని వదిలిపెట్టట్లేదు."

అది ఫోను పెట్టేసింది.

ఈలోగా ముందస్తు వాన ఒకటి పడింది. ఈ వీధిలో అన్నీ పెంకుటిళ్ళుగా ఉన్న రోజుల్లో ఎవరి చూరు నీళ్ళు వాళ్ళ నేల మీదే పడేలా మూరెడు మేర వదిలి గోడ పెట్టుకునేవారు. పక్కవాడి స్థలంలో నీళ్ళు పడ్డాయంటే తగువే. ఈ రోజు నీళ్ళు పడిన చోటు రేపు మాదేనంటారని భయం. మా అత్తగారు వాన పడితే ముందు బట్టలు తీసేది కాదు, చూరు చూసి వచ్చేది. ఇప్పుడు పక్కింటి సన్‌షేడ్ల నీళ్ళన్నీ ధారగా మా సందులోకి దిగుతున్నాయి. ఇంట్లో ఉన్న బిందెలూ బకెట్లూ తెచ్చి ఆ ధార కింద పెట్టాను. నిండినవి నిండినట్టే మోసుకెళ్ళి పక్కింటి మెట్ల మీద పోశాను. మూడో బిందెకి ఆయన బయటికొచ్చారు.

"ఏంటిది చెల్లెమ్మా?"

"మీ నీళ్ళేనండి. మా ఇంట్లో పడిపోయాయి. ఇచ్చేసి పోదామని."

ఎదురింటి అరుగు మీద ఎవరో నవ్వారు. ఆయన లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. వాన వెలిసేదాకా నేను మోస్తూనే ఉన్నాను. ఆ రాత్రి నడుం పట్టేసింది. అయినా బాగా నిద్రపట్టింది.

టీచరు దంపతులు మళ్ళీ వచ్చారు. వాళ్ళు మంచివాళ్ళే. ధర కొంత తగ్గిస్తే బ్యాంకు సంగతి మేము చూసుకుంటాం, ఆ సందు మేము వదిలేసుకుంటాం, ఆయనకి కావలసిన సంతకం మేమే పెడతాం అన్నారు. ఆవిడ మాట్లాడుతూనే వంటగది కిటికీ వంక చూస్తోంది. నాకూ ఒప్పేసుకోవాలనిపించింది. ఆషాఢం ఎంతో దూరంలో లేదు. కానీ ఆ తగ్గించేది ఎవరి కోసం?

"ఆయన మేడకి జరిమానా నేను కట్టినట్టవుద్ది కదండి" అన్నాను.

ఆవిడ కిటికీ మూసింది. ఆ దంపతులు కాలువ అవతల వేరే ఇల్లు కొనుక్కున్నారని తరవాత తెలిసింది.

అర్జీ నేనే రాసుకుని సోమవారం మునిసిపాలిటీకి వెళ్ళాను. అక్కడి గుమస్తా, ఎవరిచేతనైనా టైపు చేయించుకు రాకూడదా అన్నాడు. అర్థం కాని మాట ఉంటే చూపించండి, చెప్తాను అన్నాను. ఉన్నట్టు లేదు, తీసుకున్నాడు. టౌన్‌ప్లానింగువాళ్ళు వచ్చి సందు చూశారు. హద్దు దాటినంత మేర తీసేయమని పక్కింటాయనకు చెప్పి వెళ్ళారు. ఆయన ఒక సన్‌షేడ్ కొట్టించారు. మిగతావి ఉన్నాయి. మెట్లూ ఉన్నాయి. నేను మళ్ళీ సోమవారం వెళ్ళాను. ఆపైన కూడా వెళ్ళాను. ఇప్పుడు నన్ను చూడగానే ఆ గుమస్తా కుర్చీ చూపిస్తాడు.

ఆషాఢం వచ్చేసింది. నరసాపురం ఇల్లు చేయి దాటిపోయింది. శ్రావణంలో వేరేవాళ్ళు పాలు పొంగించుకున్నారు. ఆ ఇల్లు పోయినందుకు నేను ఏడవలేదని చెబితే అబద్ధం. పక్కింటి మెట్ల వైపు కిటికీ వేసుకుని ఏడ్చాను.

మా చెల్లెలు ఆ నెలంతా ఫోను చేయలేదు. ఉండబట్టలేక నేనే రైలెక్కి వెళ్ళాను. అన్నం పెట్టింది. పులుసు పోస్తూ, "మెట్లు కొట్టేశారా?" అంది.

"ఇంకా లేదు."

"మరి ఇక్కడెందుకు కూర్చున్నావు? ఇల్లు పోగొట్టింది చాలక, అది కూడా సగంలో వదిలేస్తావా?"

మర్నాడు నాతోపాటు అదీ బయల్దేరింది. లేసు సంచీ కూడా తెచ్చుకుంది. కొన్నాళ్ళుంటాను అంది, ఎన్నాళ్ళో చెప్పలేదు.

పోయిన వారం మరో కుటుంబం ఇల్లు చూడటానికొచ్చింది. మామూలుగానే గేటు దగ్గర ఆగి తలెత్తారు. వాళ్ళు అడగకముందే నేను చెప్పేశాను. ఆ మేడకి సరైన ప్లాను లేదు, ఆ మెట్లు నా స్థలంలో ఉన్నాయి, అర్జీ నడుస్తోంది, నేను సంతకం పెట్టలేదు, మీరూ పెట్టక్కర్లేదు, స్థలం ఎంతుందో అంతకీ ధర ఇవ్వాలి. కావాలంటే ఇప్పుడే కొలుచుకోండి అన్నాను. వాళ్ళాయన టేపు తీశాడు. ఒక కొస మా చెల్లెలు పట్టుకుని అవతలి వైపు ప్రహరీ దగ్గర నిలబడింది. రెండో కొస పట్టుకుని నేను వంగి పక్కింటి మెట్ల కిందికి దూరాను.

పైనుంచి పక్కింటాయన గొంతు వినిపించింది. "జాగ్రత్త చెల్లెమ్మా, తల తగులుద్ది."

మా చెల్లెలు జవాబిచ్చింది. "తగిలితే మెట్లకే దెబ్బండి."

టేపు హద్దురాయికి ఆనించి, కళ్ళజోడు సర్దుకుని, దాని మీద ఉన్న అంకె గట్టిగా చదివాను. వచ్చినవాళ్ళకి ఒక్కసారి చదివితే సరిపోయేది. మేడ మీదికి వినబడటానికి రెండోసారి చదివాను.