కువైటు నూనె, ఆత్మకూరు వడ్డీ

షావుకారిని బేరంలో ఓడించి మరీ నష్టపోయిన మొనగాణ్ణి నేను. 1990లో, ఉదయగిరిలోని మా అంగడికి సరుకు వేయడానికి ఆత్మకూరులో పదివేలు అప్పు చేశాను. షావుకారు ఏడాది పొడుగునా నూటికి నెలకు రెండు రూపాయలు అడిగాడు. ఏ నెలకు ఆ నెల బజారులో నడిచే వడ్డీ కడతానన్నాను. అప్పుడది రూపాయిన్నర. గంటసేపు వాదించి గెలిచాను.

తిరుగు బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడకు ఈ గెలుపు చెప్పకుండా ఉండలేకపోయాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది," అందామె. "నా కొడుకులిద్దరూ కువైటులో ఉండారు. ఆడ నూనె బావుల కోసం యుద్ధమొచ్చి డబ్బు రావడం ఆగిపోయినాది. ఆ షావుకారు దగ్గర దాచిందంతా ఇయ్యాళ తీసేసుకున్నాను. మా ఊళ్ళో ఇంటికొకడు ఆడనే ఉండాడు, రేపు అందరూ తీసుకుంటారు. డబ్బుకు కరువొస్తే వడ్డీ పెరగదా?"

"కువైటు నూనెకీ ఆత్మకూరు వడ్డీకీ ఏం సంబంధం? నీ మూట నువ్వు చూసుకో అవ్వా."

"ఇప్పుడే దిగి ఎనక్కి పో. రేపటి సంగతి ఆయనకు తెలిసేలోపల రెండు రూపాయలకే రాయించుకో. నీ మొహానికి ఇంతకంటే చెప్పను."

మొహం కిటికీ వైపు తిప్పుకుంది. బస్సు రెండు ఊళ్ళలో ఆగింది. ఆమె మాట విని దిగడం నామోషీ అనిపించింది. పైగా చార్జీ దండగ.

మూడో నెల నుంచి వడ్డీ మూడు రూపాయలైంది. రెండువేల నాలుగు వందలతో పోయేదానికి ఆ ఏడాది మూడువేల మూడు వందలు కట్టాను. దిగకుండా మిగుల్చుకున్న చార్జీ ఏడు రూపాయలు. అది తీసేస్తే నికర నష్టం ఎనిమిది వందల తొంభై మూడు.